పాచి కదలకుండా మాత్రలతో చిగుళ్ల జబ్బు నయం కాదు

చిగుళ్లు వాచి రక్తం కారితే నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా చాలామంది ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. అమాక్సిసిలిన్ గొట్టం మాత్రలు, మెట్రోనిడజోల్ బిళ్లలు అనే యాంటీబయాటిక్‌లను రెండు రోజులకు సరిపడా కత్తిరించి ఇస్తారు. సలుపు తగ్గగానే జబ్బు పోయిందనుకుంటాం. ఇవి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులన్న సంగతి అలా ఉంచినా, ఈ పద్ధతి చికిత్సగానే నిలబడదు.

పంటికీ చిగురుకీ మధ్య సందులో పార్ఫైరోమోనాస్ జింజివాలిస్, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్ వంటి బాక్టీరియా ఒకదాన్నొకటి పట్టుకుని, తాము స్రవించిన జిగురులోనే కూరుకుపోయి, పొరలు పొరలుగా బతుకుతుంది. ఈ బయోఫిల్మే పాచి. వెనిగర్‌తో పళ్లు కడుక్కుంటే పాచి పైభాగంలోని జీవులే చచ్చాయని, వెనిగర్ లోపలిదాకా దిగలేదని సూక్ష్మజీవులను పరిశీలించిన డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ 1684లోనే రాశాడు. యాంటీబయాటిక్‌కు అడ్డంకులు ఇంకా ఎక్కువ: కొన్ని ప్రివోటెల్లా బాక్టీరియా జాతులు అమాక్సిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును వదిలి పక్కవాటిని కూడా కాపాడతాయి, అడుగున ఎదుగుదల మందగించిన కణాలను, ఎదిగే కణాల మీదే పనిచేసే ఈ మందు తాకలేదు. విడిగా తేలే బాక్టీరియాను చంపే మోతాదుకు వందల రెట్లు పెంచినా బయోఫిల్మ్‌లో కొన్ని మిగిలిపోవచ్చు.

చాలీచాలని మోతాదు మరో చిక్కు తెస్తుంది. చావనంత తక్కువగా టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ తగిలినప్పుడు సూడోమోనాస్ బాక్టీరియా బయోఫిల్మ్‌ను మరింతగా కట్టుకుందని 2005లో నేచర్ పత్రిక ప్రచురించిన పరిశోధన చూపింది. అది చిగుళ్ల బాక్టీరియా కాదు, ప్రతి మందూ అలాగే చేస్తుందనీ కాదు. అయినా సగం కోర్సుతో ఆపేసేవారు ఆలోచించాల్సిన విషయమే.

ముందు ఆ పొరను పరికరంతో గీకి తీయాలి. ముఖ్యంగా చిన్న వయసులోనే పళ్ల కింది ఎముక వేగంగా కరుగుతున్నవారికి, ఈ శుభ్రతకు తోడుగా, డాక్టరు నిర్ణయిస్తే, అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రెండూ కలిపి ఇవ్వడం మేలు చేస్తుంది. విడిగా మాత్రలే మింగడం చికిత్స కాదు. పొగాకు పండే ప్రకాశంలో ఇంకో మాట కూడా చెప్పాలి: పొగతాగేవారికి రక్తం తక్కువగా కారుతుంది కాబట్టి జబ్బు ముదిరేదాకా తెలియదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయం మన పల్లెల్లో బలంగా ఉంది. గార, అంటే గట్టిపడిన పాచి, పేరుకుని పళ్లను పట్టి ఉంచినప్పుడు, అది పోగానే కదలిక తెలిసే మాట నిజమే. కానీ ఆ పన్ను కింది ఎముక అంతకుముందే కరిగిపోయి ఉంటుంది. ఈ సంగతి రోగికి విడమరిచి చెప్పే దంతవైద్యుడు, గార తీసే పరికరం ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉంటే, కూలి పోగొట్టుకుని పట్నం రాలేనివారు మెడికల్ షాపు దగ్గరే ఆగిపోవాల్సిన అవసరం ఉండదు.