బాబాయి మంజూరు చెయ్యలేదు

మా బాబాయి రైల్వే పార్సిల్ ఆఫీసులో చీఫ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన సంతకం లేనిదే మామిడిపళ్ల బుట్ట కూడా బెజవాడ దాటేది కాదని చెబుతారు. చెప్పేది ఆయనే అనుకోండి. రిటైరయ్యాక మాత్రం ఆయన్ని అనుమతి అడిగేవాళ్లు కరువైపోయారు. పిన్ని ఎలాగూ అడగదు. పనిమనిషి సెలవు పెట్టాక ఫోన్ చేసి చెబుతుంది. సరిగ్గా అలాంటి రోజుల్లో సత్యనారాయణపురంలోని ఆ ఇంటికి ఒక ఉచిత ఫైర్‌వాల్, అంటే కంప్యూటర్ గుమ్మం దగ్గర కాపలా కాసే సాఫ్ట్‌వేర్, వచ్చి చేరింది.

కారణం వాట్సాపే. హ్యాకర్లు కంప్యూటర్లో దూరి పెన్షను ఖాతాలు ఊడ్చేస్తున్నారు, వెంటనే ఫైర్‌వాల్ వేసుకోండి, పదిమందికి పంపండి అని వాకింగ్ గ్రూపులో ఎవరో పెట్టారు. బాబాయి ముందు పదిమందికి పంపి, తర్వాత తనూ వేసుకున్నాడు.

నిజానికి విండోస్‌లో ఫైర్‌వాల్ ఉండనే ఉంది. 2004లో విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్ వచ్చినప్పటి నుంచీ అది ఎవరూ చెప్పకుండానే ఆన్‌లో ఉంటోంది. పిలవకుండా బయటినుంచి వచ్చేవాళ్లని ఆపుతుంది, లోపలినుంచి బయటికి వెళ్లేవాళ్ల జోలికి మామూలుగా పోదు. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కి అది చాలు. ఇదంతా చెబితే బాబాయి మొహం చిట్లించాడు.

"అంటే నాతో ఒక్క మాట అనకుండా ఇన్నేళ్లుగా ఎవరెవర్ని బయటికి పంపిందిరా అది?"

కొత్తది అలా కాదు. ఇన్‌స్టాల్ అవుతుండగానే వినయంగా అడిగింది: నన్నే చూసుకోమంటారా, ప్రతిదానికీ మిమ్మల్ని అడగమంటారా? పిన్ని చెప్పడమేమిటంటే, ఆ ప్రశ్న చదివాక ఆయన లేచి వెళ్లి, చొక్కా మార్చుకుని, కళ్లజోడు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడట.

అప్పట్నుంచి తెర మూలన చిన్న పెట్టె వస్తుంది. ఫలానా ప్రోగ్రాం ఇంటర్నెట్‌లోకి వెళ్తానంటోంది, పంపమంటారా, ఆపమంటారా? కింద ఒక గడి: నా నిర్ణయం గుర్తుంచుకో. బాబాయి ఆ గడిలో టిక్కు పెట్టకుండా ఒక్కటీ వదల్లేదు. ఒకసారి ఇచ్చిన ఆర్డరు మళ్లీ మళ్లీ ఇస్తే ఆఫీసుకి విలువుండదట. దాంతో ఒకసారి ఆగిన ప్రోగ్రాం మళ్లీ అడగడానికి కూడా వీల్లేకుండా, చప్పుడు చెయ్యకుండా ఆగిపోయేది. ఇది చాలదన్నట్టు ఒక రిజిస్టరు కూడా పెట్టాడు. పొడుగు నోటుబుక్కు, ఎర్ర సిరా గీతలు. అందులోవి కొన్ని:

"ఎస్‌వీసీ హోస్ట్. వచ్చిన పని చెప్పలేదు. ఎవరి తాలూకో తెలియదు. తిరస్కరించడమైనది."

"ప్రింట్ స్పూలర్. ప్రింటరు పక్క గదిలోనే ఉండగా నెట్‌వర్క్‌తో పనేమి? తిరస్కరించడమైనది."

"ఎడ్జ్ బ్రౌజరు. నేను పిలవలేదు. తిరస్కరించడమైనది."

"పేకాట. తెలిసినదే. మంజూరు."

రెండో రోజుకి ఇంటర్నెట్ పడిపోయింది. నెట్ కనెక్షన్ కుర్రాడు వచ్చి రూటర్ ఆపి మళ్లీ వేశాడు, వైరు పీకి పెట్టాడు, "మా సైడ్ నుంచి ఏం ప్రాబ్లం లేదు సార్, సిస్టం ఫార్మాట్ కొట్టించెయ్యండి" అని వెళ్లిపోయాడు. బాబాయి కంగారేమీ పడలేదు. మనమే వెళ్లలేకపోతున్నామంటే హ్యాకర్లు ఎలా వస్తారని ఆయన ధీమా.

పిన్నికి ఆ ధీమా లేదు. డల్లాస్‌లో ఉన్న కూతురితో వీడియో కాల్ రావట్లేదని నాకు ఫోన్ చేసింది. నేను హైదరాబాదులో కూర్చుని బాబాయి చేత కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి, పింగ్ కొట్టమన్నాను. అవతల నెట్ పలుకుతోందో లేదో చూసొచ్చే కమాండ్ అది.

"పింగ్ అని ఎవరో బయటికెళ్తానంటున్నాడ్రా. ఆపేశాను."

"వాణ్ణి నేనే పంపమన్నాను బాబాయ్."

"నువ్వు పంపమన్నట్టు కాగితమేదీ?"

ఇది ఫోన్లో తెమిలేది కాదని శనివారం రైలెక్కాను.

వెళ్లేసరికి ఇంట్లో గొడవ ఇంకో మెట్టెక్కింది. నవంబరు నెల, పైగా ఆఖరి వారం. కేంద్ర పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. బాబాయి క్యూలో నిలబడడం ఇష్టంలేక సొంతంగా వేలిముద్ర మిషనే కొనుక్కున్నాడు. ఈ ఏడాది వేలు పెడితే "డివైస్ కనబడుట లేదు" అంటోంది. వేలు తడిపి చూశారు, తుడిచి చూశారు, పసుపు అంటిందేమోనని పిన్ని వేలు కూడా పెట్టి చూశారు.

ముందు ఎస్‌వీసీ హోస్ట్, అంటే సర్వీస్ హోస్ట్, సంగతి పట్టుకున్నాను. అది ఒక ప్రోగ్రాం కాదు. విండోస్ సర్వీసులు బోలెడు దాని పేరు మీదే నడుస్తాయి. వెబ్‌సైటు పేరును నంబరుగా మార్చి తెచ్చేదీ అదే, రూటర్ దగ్గర కంప్యూటర్‌కి అడ్రసు అడిగి తెచ్చేదీ అదే. దాన్ని ఆపేశాక క్రోమ్‌కి ఎంత మంజూరిచ్చినా లాభంలేదు, ఏ సైటు ఎక్కడుందో దానికి చెప్పేవాడు లేడు. ఇదంతా వివరంగా చెప్పి, నమ్మకం కోసం, లోపల ఏమేం నడుస్తున్నాయో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. తెర నిండా సర్వీస్ హోస్టులే.

"ఒకే పేరు మీద ఇంతమందా? బినామీలురా వీళ్లు!"

ఇచ్చిన ఆర్డరు తిరగదోడడం పద్ధతి కాదన్నాడు. చివరికి పిన్ని అప్పీలు వేసింది, అంటే కాఫీ ఇవ్వనంది. రిజిస్టరులో "పునఃపరిశీలన మీదట, షరతులతో" అని రాసి అనుమతించాడు. పేజీలు కదిలాయి. ప్రింట్లని వరసలో పెట్టి ప్రింటరుకి పంపే స్పూలర్‌కీ మోక్షం వచ్చింది. నెల క్రితం ఇచ్చిన ప్రింట్లన్నీ పక్క గదిలో ఒక్కసారిగా బయటపడ్డాయి. అన్నీ ఒకే రైలు టికెట్టు, ప్రయాణం అయిపోయి మూడు వారాలైంది.

వేలిముద్ర మిషను మాత్రం కదల్లేదు. రిజిస్టరు తిరగేస్తే దొరికింది: "ఆర్‌డీ సర్వీస్. 127.0.0.1 అను వ్యక్తితో మాట్లాడవలెనట. తిరస్కరించడమైనది."

ఆర్‌డీ సర్వీస్ అంటే ఆ మిషను వెంట వచ్చే ప్రోగ్రాం. అది కంప్యూటర్లోనే ఒక మూల కూర్చుని, 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో, అంటే నంబర్లేసిన తలుపుల్లో, ఒకదాని దగ్గర పిలుపు కోసం చూస్తుంటుంది. లైఫ్ సర్టిఫికెట్ ప్రోగ్రాం అక్కడికి వెళ్లి పిలవాలి.

"బాబాయ్, 127.0.0.1 అంటే బయటివాడు కాదు. ఈ కంప్యూటరే."

"ఈ కంప్యూటర్ ఈ కంప్యూటర్‌తోనే మాట్లాడుతుందా?"

"అవును."

"తనలో తను మాట్లాడుకునేవాణ్ణి ఆపడమే మంచిది కదరా."

వంటింట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. "మీరు బతికున్నారని గవర్నమెంటుకి చెప్పడానికి ఇంకెవరూ అడ్డంలేరు. మీరే మంజూరు చెయ్యట్లేదు."

2021 నవంబరు నుంచి ఫోన్లో మొహం చూపించినా ఈ సర్టిఫికెట్ అయిపోతుందని గుర్తుచేశాను. ఫోన్‌కి మొహం చూపిస్తే హ్యాకర్లు పట్టుకుపోతారట. అదే ఫోన్లో, అదే నిమిషాన, గ్యాస్ కుర్రాడికి కోడ్ నంబరు వీధి చివరిదాకా వినబడేలా రెండుసార్లు చదివాడు. దాన్ని ఆపే ఫైర్‌వాల్ ఇంకా రాలేదు.

మొత్తానికి ఆర్‌డీ సర్వీస్ మంజూరైంది, బాబాయి బతికున్నట్టు ఢిల్లీకి తెలిసింది, ఫోన్‌కి మెసేజీ వచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే ఫైర్‌వాల్ తీసేస్తానన్నాను. ఆశ్చర్యంగా ఒప్పుకున్నాడు. రిజిస్టరులో పేజీలు అయిపోవచ్చాయి మరి. అన్‌ఇన్‌స్టాల్ నొక్కాను. విండోస్ ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ అయిందో లేదో చూసుకోవాలి, ఒకసారి రీస్టార్ట్ చెయ్యాలి, అంతే.

వెళ్లేముందు అది ఒక పేజీ తెరిచింది. మమ్మల్ని ఎందుకు తీసేస్తున్నారో దయచేసి కారణం తెలపండి.

బాబాయి కళ్లు మెరిశాయి. ఇన్ని రోజుల్లో కాగితం మీద కారణం అడిగినవాడు వీడొక్కడే అన్నాడు. నన్ను కుర్చీలోంచి లేపి తనే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట కొట్టాడు. ఒకటో పాయింటు, రెండో పాయింటు, పై విషయములను దృష్టిలో ఉంచుకొని. పంపు అనేది నొక్కాడు. గిరగిరా తిరిగింది. పోలేదు. మళ్లీ నొక్కాడు. పోలేదు.

పేజీ తెరుచుకున్నది ఎడ్జ్‌లో. రీస్టార్ట్ అయ్యేదాకా ఆయన ఆర్డర్లన్నీ అమల్లోనే ఉంటాయి.

బాబాయి రిజిస్టరు తీసి, ఎడ్జ్ పేరున్న పేజీ దాకా తిప్పి, కాసేపు చూసి మూసేశాడు.

"ఆర్డరు ఆర్డరేరా. వాళ్ల ఆఫీసు అడ్రసు కనుక్కో, రిజిస్టర్డ్ పోస్టులో పంపుదాం."