ఆటగాళ్ల తిరుగుబాటు: గురి ఎవరిపై, దెబ్బ ఎవరికి?

2011 జూన్ చివర్లో 'ఈవ్ ఆన్‌లైన్' అనే ఇంటర్నెట్ వీడియో గేమ్ ఆడేవాళ్లు తమ అంతరిక్ష నౌకలను ఆటలోని జీటా అనే చోటికి తోలుకొచ్చారు. ఆ ఆటలో అది పెద్ద సంత, కొనుగోళ్లూ అమ్మకాలూ ఎక్కువగా అక్కడే. స్టేషన్ బయటున్న విగ్రహం చుట్టూ మూగి గంటల తరబడి కాల్పులు జరిపారు. అది పగలదని అందరికీ తెలుసు. వాళ్ల అసలు గురి ఆ ఆటను తయారుచేసిన ఐస్‌లాండ్‌లోని సీసీపీ కంపెనీ.

కోపం అన్యాయమైనదేం కాదు. ఆటలో పాత్ర కంటికి తగిలించే ఒంటి కళ్లద్దాన్ని 60 డాలర్లకు పైగా ధరకు అమ్మకానికి పెట్టారు. అది చాలదన్నట్టు, దురాశ మంచిదేనా అని చర్చించిన కంపెనీ అంతర్గత పత్రిక బయటికొచ్చింది. వెంటనే సీఈఓ హిల్మర్ పీటర్సన్ సిబ్బందికి రాసిన మెయిల్ కూడా లీకైంది. ఆటగాళ్లు చెప్పే మాటల కన్నా వాళ్లు చేసే పనులు చూడాలన్నది దాని సారాంశం. వాళ్లు చేసే చూపించారు. చాలామంది చందాలు రద్దు చేసుకున్నారు.

అక్టోబరులో పీటర్సన్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆటగాళ్లు గెలిచారు. కానీ అదే నెలలో కంపెనీ సుమారు 20 శాతం సిబ్బందిని ఇంటికి పంపింది. తప్పంతా నిరసనదే అనలేం. ఒకేసారి మూడు ఆటలు నెత్తికెత్తుకున్న కంపెనీ అది. అయినా కళ్లద్దానికి ఆ ధర పెట్టినవాళ్లూ, ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లూ ఒకే మనుషులు కాదు. అట్లాంటాలో వేరే ఆట మీద పనిచేస్తున్నవాళ్లకే పెద్ద దెబ్బ తగిలింది. నన్ను కలవరపెట్టేది ఇదే. గుంపు కోపం పైనున్నవాళ్లను ఉద్దేశించి బయల్దేరుతుంది, దారిలో దొరికినవాళ్లకు తగులుతుంది.

2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' అనే వీడియో గేమ్ విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. దాన్ని తయారుచేసింది యారోహెడ్ అనే స్టూడియో, విడుదల చేసింది సోనీ. పీసీలో ఆడేవాళ్లు కూడా సోనీ ఆన్‌లైన్ సేవ అయిన ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాను జోడించి తీరాలని సోనీ ప్రకటించింది. నిబంధన మొదటినుంచీ ఉన్నదే, విడుదల సమయంలో సాంకేతిక ఇబ్బందులు వచ్చి పక్కన పెట్టారు. ఈలోగా ఆ నెట్‌వర్క్ సేవలే లేని దేశాల్లో కూడా ఆటను అమ్మేశారు. ఫిలిప్పీన్స్‌లో డబ్బు పెట్టి కొన్న కుర్రాడికి ఖాతా తెరిచే దారే లేకపోయింది. మన దేశంలో ఆ సేవ ఉంది కాబట్టి ఇక్కడివాళ్లకు ఈ కష్టం రాలేదు.

వారాంతంలో పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా ప్రతికూల రివ్యూలు పడ్డాయి. సోనీ మూడు రోజుల్లో వెనక్కి తగ్గింది. ఇంత పెద్ద కంపెనీ ఇంత త్వరగా దిగిరావడం అరుదు, ఆ విజయాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ మధ్యలోనే ఆ నెట్‌వర్క్ లేని 170కి పైగా దేశాలు, ప్రాంతాల్లో ఆట అమ్మకం ఆగిపోయింది. ప్రతికూల రివ్యూ రాయండి, డబ్బు వాపసు అడగండి అని ఆటగాళ్లను ప్రోత్సహించిన యారోహెడ్ కమ్యూనిటీ మేనేజర్, అంటే ఆటగాళ్లతో మాట్లాడే ఉద్యోగి, ఉద్యోగం ఊడింది. నిబంధన ఆయన పెట్టింది కాదు, పైగా ఆయన ఆటగాళ్ల పక్షాన నిలబడ్డ మనిషి. రివ్యూల దెబ్బ తిన్నది కూడా స్టాక్‌హోమ్‌లోని యారోహెడ్ స్టూడియో పేరే, సోనీ పేరు కాదు.

గుంపుకి గురి లేదు సరే, ఆగే చోటు కూడా లేదు. రెండు లక్షల మందిని కదిలించడానికి ఒక్క పోస్టు సరిపోతుంది. వాళ్లను ఆపే అధికారం మాత్రం ఎవరికీ ఉండదు. డిమాండ్ ఏమిటో, ఏం ఒప్పుకుంటే విరమిస్తారో ముందే తేల్చుకోని నిరసనలో బూతులూ బెదిరింపులూ చొరబడతాయి. వాటిని చదివేది డైరెక్టర్లు కాదు, జవాబులిచ్చే చిన్న ఉద్యోగులు. గేమ్ కంపెనీల్లో పనిచేసే పిల్లలు మన హైదరాబాద్‌లోనూ ఉన్నారు. ఆ జీతం ఎంత, ఆ ఒత్తిడి ఎంత అన్నది వాళ్ల ఇళ్లల్లో అడిగితే తెలుస్తుంది.

ఈవ్‌కి ఒక అదృష్టం ఉంది. ఆటగాళ్లు ఓట్లేసి ఎన్నుకునే ప్రతినిధుల మండలి అక్కడ అప్పటికే ఉంది. జీటాలో కాల్పులు సాగుతుండగానే సీసీపీ ఆ మండలిని ఐస్‌లాండ్ రాజధాని రెక్యావిక్‌కు పిలిపించి కూర్చోబెట్టింది. ఆటలో బలాన్నిచ్చే వస్తువులను డబ్బుకు అమ్మే ఉద్దేశం లేదన్న మాట ఆ చర్చల తర్వాత రాతపూర్వకంగా వచ్చింది. 2024లో సోనీ మాట్లాడదామనుకున్నా, అందరి తరఫున కూర్చోగల ప్రతినిధులు లేరు. నిబంధన ఎత్తేశారు, సంబరాలు జరిగాయి. ఫిలిప్పీన్స్‌లో కొనుగోలు బటన్ మాత్రం వెంటనే తిరిగి రాలేదు.