భయపడాల్సింది పెద్ద ఛార్జర్‌కు కాదు

67 వాట్ల ఛార్జర్ పెడితే 18 వాట్ల ఫోను పేలిపోతుందన్న భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ భయానికి ఆధారం లేదు. ఛార్జర్ కరెంటును ఫోనులోకి తోసెయ్యదు, కావలసినంత ఫోనే తీసుకుంటుంది. సరైన టైప్-సి ఛార్జర్ మొదట ఇచ్చేది 5 వోల్టులే. 9కో 20కో పెంచాలంటే ఫోను అడగాలి. అడగకపోతే ల్యాప్‌టాప్ ఛార్జర్ అయినా 5 దగ్గరే ఆగుతుంది.

కంపెనీ ఛార్జరే వాడాలన్న మాటలో కొంత నిజముంది. కొన్ని బ్రాండ్ల ఫాస్ట్ ఛార్జింగ్ పూర్తి వేగంతో సాగాలంటే వాటి సొంత ఛార్జర్, కేబుల్ ఉండాలి. వేరేవి పెడితే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, అంతే. అయినా 2020లో ఐఫోన్ 12తో ఆపిల్ మొదలుపెట్టాక ఒక్కో కంపెనీ పెట్టెలోంచి ఛార్జర్‌నే తీసేస్తోంది. ఇవ్వడం మానేసి, మాదే కొనండి అనడం ఏం న్యాయం?

అసలు ప్రమాదం ఫుట్‌పాత్ మీద అమ్మే పేరూ ఊరూ లేని ఛార్జర్‌లో ఉంది. గోడలోంచి వచ్చే 230 వోల్టులను, ఫోనుకు వెళ్లే 5 వోల్టులను లోపల విడదీసి ఉంచేది ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ వదిలిన ఖాళీ, ఇన్సులేషన్. చవక సరుకులో ముందు కోత పడేది వీటికే. ఆ అడ్డు తెగితే 230 వోల్టులు నేరుగా చేతిలోని ఫోనుకే చేరతాయి. అందుకే కొనేముందు అడాప్టర్ మీద ఐఎస్ 13252 అన్న భారత భద్రతా ప్రమాణం గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూడాలి. దొంగ ముద్రలూ ఉంటాయి కనుక ఆ రిజిస్ట్రేషన్ నంబరును భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవడం మేలు. కేబుల్ మెడ దగ్గర చిట్లినా, ముట్టుకుంటే కాలేంత వేడెక్కినా పారేయండి, టేపు చుట్టకండి.

కానీ ఆ నంబరు చదవగలిగేదెవరు? తెల్ల ప్లాస్టిక్ మీద లేత బూడిదరంగులో, చీమతలంత అక్షరాల్లో, అదీ ఇంగ్లిష్‌లో. ప్యాకేజీ సరుకుల నిబంధనలకు హిందీ లేదా ఇంగ్లిష్ ఉంటే చాలు, తెలుగు అమ్మేవాడి దయ. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుంచి ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేయడంతో ఆగలేదు. లోపల ఛార్జర్ ఉందో లేదో చెప్పే బొమ్మ, ఫోనుకు కావలసిన కనిష్ఠ, గరిష్ఠ వాట్లు పెట్టె మీద ముద్రించాలంది. మన దగ్గర అంతకన్నా ఒక మెట్టు ఎక్కువే అడగాలి: ఆ వివరాలన్నీ తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే సైజులో. తెలుగువాళ్లకు ఫోను అమ్ముకోవడానికి ప్రకటనలన్నీ తెలుగులో ఇస్తున్న కంపెనీలకు ఇది చేతకాని పనేమీ కాదు.