ఇమేజ్‌జేకి కొటేషన్ ఏదీ?

ముప్పై ఏళ్లుగా ఒక పరిశోధన సంస్థలో కొనుగోళ్ల విభాగం చూస్తున్నాను. గుండుసూది మొదలు లిక్విడ్ నైట్రోజన్ దాకా నా సంతకం పడకుండా గేటు దాటి లోపలికొచ్చిన వస్తువు లేదు. అలాంటి నా కళ్లుగప్పి ఒక సాఫ్ట్‌వేరు ఏళ్ల తరబడి మా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గదిలో కాపురం చేస్తోందని మొన్న ఆడిట్‌కి ముందు బయటపడింది. పేరు ఇమేజ్‌జే, మైక్రోస్కోపు ఫొటోల్లో కొలతలు తీసేది. ఇండెంటు లేదు, ఫైలు లేదు, స్టాక్ రిజిస్టర్లో ఎంట్రీ లేదు.

"ఎంతకి కొన్నారమ్మా?" అని అక్కడి పీహెచ్‌డీ అమ్మాయిని అడిగాను.

"ఫ్రీ సార్."

"మొదటి ఏడాదా?"

"ఎప్పటికీ సార్."

నాకు చెమటలు పట్టాయి.

కూపీ లాగితే తేలిందేమిటంటే, 1987లో అమెరికాలో ఎన్ఐహెచ్ అనే ప్రభుత్వ సంస్థలో వేన్ రాస్‌బాండ్ అనే ఆయన మెకింటాష్ కంప్యూటర్ల కోసం ఎన్ఐహెచ్ ఇమేజ్ అని ఒక ప్రోగ్రాం తయారుచేశాడు. 1997లో దానికి వారసుడిగా జావా అనే కంప్యూటర్ భాషలో ఇంకొకటి రాశాడు, అదే ఇమేజ్‌జే. చివర్లో ఉన్న జే ఆ జావాదే. రాసింది ప్రభుత్వోద్యోగి కాబట్టి అక్కడి చట్టం ప్రకారం దానికి కాపీరైట్ లేదు, ప్రజల సొత్తు. మా ఆఫీసులో ప్రజల సొత్తంటే ఎవరూ తుడవని ఫ్యాను. వాళ్లకేమో పాతికేళ్లు దాటినా కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయట. ఏఎంసీ, అంటే ఏటా కట్టే మరమ్మతుల కాంట్రాక్టు, లేకుండా ఒక వస్తువు పనిచేస్తూ ఉండడం నిబంధనలకు విరుద్ధం కాదా?

ఇంకో విద్యార్థి వచ్చి "ఫిజీ కావాలి సార్" అన్నాడు. విదేశీ యాత్రల ఫైళ్లు నా దగ్గరికి రావు బాబూ అన్నాను. అదీ సాఫ్ట్‌వేరేనట. ఇమేజ్‌జేకి కావలసిన ప్లగిన్లన్నీ, అంటే దానికి తగిలించే చిన్న ప్రోగ్రాములన్నీ, ముందే మూటగట్టి ఇస్తారు. ఆ ఇంగ్లీషు పొడి అక్షరాలు విప్పితే "ఫిజీ అంటే ఉట్టి ఇమేజ్‌జేనే" అని వస్తుందట. పేరు విప్పితే మళ్లీ అదే పేరు! "ఈ ఫైలు వివరాలకు ఇదే ఫైలు చూడుడు" అని రాయడం మాకొక్కరికే చేతనవుననుకున్నాను.

అసలు మైక్రోస్కోపుతో పాటు లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేరు ఉండనే ఉంది. దానికొక డాంగిల్, కంప్యూటర్‌కి గుచ్చితేనే సాఫ్ట్‌వేరు తెరుచుకునే తాళంచెవి లాంటిది. పోతుందేమోనని బీరువాలో పెట్టాం. బీరువా తాళం ప్రొఫెసర్ గారి దగ్గర, ప్రొఫెసర్ గారు టూర్లో. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అని గిట్టనివాళ్లంటారు. కానీ ఏటా ఏఎంసీ మాత్రం ఠంచనుగా కడుతున్నాం, మార్చి 31 లోపే.

ఆ అమ్మాయి పని చేస్తుంటే వెనక నిలబడి చూశాను. ఫొటో కింద ఉన్న స్కేల్ బార్ మీద ఒక గీత గీసి, ఇది 100 నానోమీటర్లు అని దానికి చెప్పింది. ఏది రేణువో ఏది ఖాళీయో వేరుచేసే త్రెషోల్డ్ పెట్టి, అనలైజ్ పార్టికల్స్ నొక్కింది. వందల బంగారు రేణువుల కొలతలు పట్టికగా వచ్చి పడ్డాయి. తర్వాత ఫొటోలో మళ్లీమళ్లీ వచ్చే వరుసల్ని పట్టే ఎఫ్ఎఫ్‌టీ అని ఏదో నొక్కితే చీకట్లో చుక్కలు మెరిశాయి. బంగారు పరమాణువుల వరుసల మధ్య దూరం 0.235 నానోమీటర్లు సార్, పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది అంది. అంతసేపట్లో మా సర్వీసు ఇంజినీరు బూట్లు కూడా విప్పడు.

అంతవరకూ ఓర్చుకున్నాను. నన్ను నిజంగా టెన్షన్‌లో పడేసింది క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వాళ్ల సంగతి. గడ్డకట్టించిన ప్రొటీన్లను ఫొటోలు తీస్తారు. ఒక్కో ఫొటోలో కనపడేది దుమ్మే. అలాంటివి వేలూ లక్షలూ కలిపి సగటు తీస్తే ఆకారం తేలుతుంది. ఈ విద్యకే 2017లో ముగ్గురికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరైన రిచర్డ్ హెండర్సన్ 2013లో ఒక హెచ్చరిక చేశాడు. ఐన్‌స్టీన్ బొమ్మను ముందు పెట్టుకుని, ఏ బొమ్మా లేని ఉత్త నాయిస్ (అడ్డదిడ్డం చుక్కల) ఫొటోలు 1000 తీసుకుని, ప్రతిదాన్నీ ఆ బొమ్మకు సరిపోయేలా జరిపి సగటు తీస్తే, సాక్షాత్తూ ఐన్‌స్టీనే ప్రత్యక్షమవుతాడట!

ఇది వాళ్లకు ప్రమాదమట. మాకది టెండరు. ఏ కంపెనీ మిషను కొనాలో ముందే అనుకుని, దాని బ్రోషరు పక్కన పెట్టుకుని స్పెసిఫికేషన్లు రాస్తాం. మిషను రంగుతో సహా. ఎన్ని కవర్లు వచ్చినా కంపారెటివ్ స్టేట్‌మెంట్లో ఆ కంపెనీయే తేలుతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఐన్‌స్టీన్ తప్పిపోలేదు.

ఈ జబ్బుకి వాళ్లు మందు కూడా కనిపెట్టారు. కేంబ్రిడ్జిలోని ఎంఆర్‌సీ ప్రయోగశాల వాళ్లు 2012లో బయటపెట్టిన రిలియాన్ అనే సాఫ్ట్‌వేరు ఉంది. అదీ ఫ్రీయే. అది ఫొటోలను రెండు సగాలుగా విడదీసి, ఒక సగానికి ఇంకో సగం సంగతి తెలియకుండా విడివిడిగా ఆకారం కట్టి, రెండూ ఎంతవరకు కలిశాయో అంతవరకే నమ్ముతుంది. అంటే ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు కమిటీలు! మధ్యాహ్నం భోజనం కూడా కలిసి చేయని కమిటీలు! ఇది మా భవనంలోకి వస్తే స్పెసిఫికేషన్లు రాసే మా వాళ్ల గతేమిటి?

దీన్ని ఆపాలంటే దానికొక ధర ఉండాలి. ధర ఉంటే టెండరు పిలవచ్చు, పిలిస్తే ఇంకో నాలుగేళ్లు రాదు. అందుకే రేటు తెలుపగలరు, సీల్డ్ కవర్లో మూడు కొటేషన్లు పంపగలరు అని కేంబ్రిడ్జికి ఉత్తరం టైపు చేయించాను. విదేశీ తపాలా స్టాంపులకు శాంక్షన్ రావాల్సి ఉంది.