"నీ చెయ్యి పడింది" అంట!

ఇప్పుడే గిన్నెలు తోమి వచ్చాను. ఇంకా ఒళ్లు మండుతోంది, అందుకే రాస్తున్నా.

నరసాపురం నుంచి మా బావగారు వస్తున్నారని ఇవాళ రొయ్యలు, స్క్విడ్, టోఫూ కలిపి చైనీస్ పద్ధతిలో వేయించాను. మా భీమవరంలో నాకు టోఫూ ఎక్కడా కనపడలేదు. రాత్రే సోయా గింజలు నానబెట్టి, పొద్దున్నే గ్రైండర్లో రుబ్బి, పాలు పిండి, కాచి, నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో మూటకట్టి, పైన నీళ్ల బిందె పెట్టాను. (జపాన్‌లో సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లతో విరగ్గొడతారు. అంత యోగం మనకెక్కడిది!) టోఫూ ముక్కలోంచి నీరు కారిపోకపోతే నూనెలో చిటపటలాడి మొహం మీదకొస్తుంది మరి.

ఇంత చాకిరీ చేశాక అసలు వేయించడం రెండు మూడు నిమిషాల పని. ఇనప మూకుడు పొగలొచ్చేదాకా కాలాలి. టోఫూ ముందే ఎర్రగా వేయించి తీసి, రొయ్యలు కొంచెం కొంచెంగా వెయ్యాలి. ఒకేసారి కుమ్మరిస్తే నీరొదిలేస్తాయి. రొయ్య రంగు మారి వంపు తిరిగిందా, దించెయ్యాలి. సున్నాలా చుట్టుకుపోయిందంటే ఇక అంతే. చివర్లో సోయా సాస్, ఉల్లికాడలు. ఉప్పు సాస్‌లోనే ఉంటుంది.

అన్నీ పద్ధతిగా చేసి బల్ల మీద పెట్టాను. బావగారు ఒక్క ముక్క నోట్లో వేసుకుని, "ఏంటమ్మా, పచ్చిగా ఉన్నాయి. ఈ పనీరేంటి, చప్పగా ఉంది?" అన్నారు. అంతలో పాలబ్బాయి పిలిస్తే డబ్బులివ్వడానికి వీధి గుమ్మంలోకి వెళ్లి, వాడి పాత లెక్కలు తేల్చి వచ్చేసరికి మా ఆయన, పెళ్లయిన పద్నాలుగేళ్లలో స్టవ్ ఎటు తిప్పితే వెలుగుతుందో తెలియని మహానుభావుడు, మొత్తం తీసుకెళ్లి మూకుట్లో పోసి, కారం, గరం మసాలా దట్టించి, మూతపెట్టి ఇగరబెడుతున్నారు. పావుగంట!

రొయ్య రబ్బరు చెప్పు. స్క్విడ్ సైకిల్ ట్యూబు. రాత్రి నుంచి కష్టపడ్డ నా టోఫూ మూకుడికి అంటిన పిండి. బావగారేమో రెండోసారి వడ్డించుకుని, "ఇప్పుడు కుదిరిందిరా తమ్ముడూ, నీ చెయ్యి పడింది" అన్నారు.

పైగా "మన రొయ్యకి మన మసాలానే" అని తీర్మానం. ఏది బావగారూ మన రొయ్య? మీ చెరువులో ఉన్న వనామీ అమెరికా ఖండాల పసిఫిక్ తీరం నుంచి వచ్చింది. ఇక్కడ పెంచుకోవడానికి అనుమతి వచ్చిందే 2009లో. ఆ దట్టించిన మిరపకాయ పోర్చుగీసు వాళ్లు తెచ్చింది. పరాయిది నా సోయా ఒక్కటేనా? హైదరాబాద్ వెళ్తే ఇదే వంటకం, మూడు రొయ్యలు, ఆరు ముక్కలు, ఫొటో తీసి స్టేటస్ పెట్టుకుంటారు. అక్కడ పచ్చిగా ఉండదు.

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పెంచినప్పుడు "మన రొయ్య మనమే తినాలి" అని అరుగు మీద ఉపన్యాసాలిచ్చింది ఈ అన్నదమ్ములే. నిద్రలో లేపి అడిగినా 30 కౌంటు (అంటే కిలోకి ముప్పై తూగే రొయ్య) రేటెంతో, 100 కౌంటు రేటెంతో చెప్తారు. అది ఎంతసేపట్లో ఉడుకుతుందో మాత్రం తెలియదు.

అదే పులస అయితే చూడాలి. ఎర్రనీటికి ఎదురీది వచ్చిన చేప కదా, మట్టి దాకలో సన్నసెగ మీద నేను గంటలు గంటలు కాపలా కాస్తుంటే ఒక్కరూ మూత ముట్టుకోరు. మర్నాటికి గానీ రుచి రాదని ఓపిగ్గా కూర్చుంటారు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అని నాకే చెప్తారు. ఎవరి పుస్తెలండీ? వాచీ అమ్మి తినమని ఒక్కడూ ఎందుకనలేదు?

ఆ మాట వింటే నాకు రెండు పేటల గొలుసు గుర్తొస్తుంది. రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువు పోయిన ఏడాది మేత బాకీకని మా ఆయన నా గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టారు. వచ్చే పంటకి విడిపిస్తానన్నారు. పంట వచ్చింది, ఇంటికి కొత్త బండి వచ్చింది. గొలుసు ఇంకా అక్కడే ఉంది.

ఫ్రిజ్‌లో సగం టోఫూ, గుప్పెడు పచ్చి రొయ్యలు వెనక్కి తోసి దాచాను. రేపు తెల్లారి ఐదింటికి ఆయన చెరువు మీదకి వెళ్తారు. తలుపు గడియ వేసుకుని, నిలబడి, మూకుట్లోంచే తింటాను. ఆయనకి బల్ల మీద చద్దన్నం ఉంటుంది. కారం ఎక్కడుందో తెలుసుగా, వేసుకుంటారు.