సవరణ: మొండికాలు కడగాల్సింది పొద్దున కాదు, రాత్రి

మోకాలి కింద కాలు పోయిన మాజీ సైనికుల కోసం రాసిన పోస్టులో, కృత్రిమ కాలు తొడిగే ముందు పొద్దున్నే మొండికాలు కడగమన్నాం. అది తప్పు, మన్నించండి. తడి చర్మం ఉబ్బి, లైనర్‌కి (మొండికాలికి తొడిగే మెత్తని తొడుగు) అంటుకుని ఒరుసుకుపోతుంది. విశాఖ ఉక్కపోతలో ఇంకా త్వరగా. రాత్రి కాలు విప్పాక గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బుతో కడిగి, మెత్తని బట్టతో అద్ది ఆరనివ్వండి. లైనర్‌నీ రోజూ అలాగే కడగండి, సబ్బు జారుడు పోయేదాకా.

సాయంత్రానికి కృత్రిమ కాలు వదులైతే మొండికాలి మేజోడు ఒక్కో పొర పెంచమని ఆ పోస్టులో అన్నది సరైనదే. మోకాలిచిప్ప అడుగున నొక్కుతుంటే మొండికాలు సాకెట్‌లో (కృత్రిమ కాలి పై గిన్నెలో) మరీ లోతుకు దిగిందని, పొర పెంచాలని గుర్తు. విప్పిన 20 నిమిషాలకీ ఎరుపు తగ్గకపోయినా, పొక్కు లేచినా మళ్లీ తొడగొద్దు. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) పాలీక్లినిక్‌లో చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు నొప్పి పుట్టేదాకా ఆగకండి, రోజూ అద్దం పెట్టి మొండికాలి అడుగుభాగం చూసుకోండి.