అప్‌డేట్లు ఆపేసిన విండోస్‌లో బ్యాంకు పని చేయకండి

గుంటూరు అరండల్‌పేటలోనో, బెజవాడ గవర్నర్‌పేటలోనో సిస్టమ్ ఫార్మాట్ కొట్టించండి. తిరిగి ఇచ్చేటప్పుడు "అప్‌డేట్లు ఆపేశానండీ, ఇక స్లో అవ్వదు" అని మేలు చేసినట్టు చెబుతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న బ్రాడీపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చూశాను. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ తెరిస్తే మొత్తం సి డ్రైవే అందులో ఉంది. అంటే ఆ డ్రైవ్‌లోకి ఏం వచ్చినా యాంటీవైరస్ కన్నెత్తి చూడదు. లైసెన్సు కొనకుండా విండోస్‌ని నడిపించే క్రాక్ యాక్టివేటర్‌ని డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) పట్టేస్తుందని, ఫార్మాట్ చేసిన కుర్రాడు డిఫెండర్ కళ్లే కట్టేశాడు. ఆ యాక్టివేటర్‌లో ఇంకేముందో అతనికీ తెలీదు. అదే సిస్టమ్‌లో క్లయింట్ల జీఎస్టీ పాస్‌వర్డులన్నీ క్రోమ్‌లో సేవ్ అయి ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ పొద్దున గుచ్చితే సాయంత్రం దాకా తీయరు. పాన్, ఆధార్ కాపీలు డెస్క్‌టాప్ మీదే.

2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ విరుచుకుపడినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అందులో గుంటూరు, కృష్ణా జిల్లాలూ ఉన్నాయి. అది దూరిన కన్నాన్ని మూసే ప్యాచ్ విండోస్ 7కి మార్చి 14నే వచ్చేసింది. దాదాపు రెండు నెలలు ముందు! వేసుకోని వాళ్లే ఎక్కువగా బలయ్యారు.

అప్‌డేట్ వేస్తే సిస్టమ్ పోతుందన్న భయం ఉత్తదేమీ కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ తన అప్‌డేట్‌లో పంపిన ఒక తప్పుడు ఫైలుకి సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. కానీ పని ఆగితే మర్నాడు చేసుకోవచ్చు. క్లయింటు పాస్‌వర్డ్ పోతే ఆయనకి ఏం చెబుతాం?

అలాగని విండోస్ మానేసి అందరూ ఊరికే దొరికే లినక్స్‌కి మారిపోండి అనేవాళ్లతోనూ నాకు పేచీయే. బెజవాడలో శుభలేఖలు వేసే ప్రెస్సుకి వెళ్లి చూడండి. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఏళ్ల తరబడి దాచుకున్న డిజైన్లు. అవేవీ ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకునే యూనికోడ్ అక్షరాలు కావు. రాత్రికి రాత్రి మింట్ అనే లినక్స్ వేసేసి వెళ్లిపోతే, పొద్దున్నే ప్రూఫ్ కోసం వచ్చిన పెళ్లివారికి ఆయన ఏం చూపిస్తాడు? ట్యాలీ మీద బతికే అకౌంటెంటుదీ ఇదే ఇబ్బంది. పైగా లినక్స్‌కి ఏమీ కాదన్నది అబద్ధం. 2024 మార్చిలో లినక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే కోడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది. చాన్నాళ్లు పనిచేసి నమ్మకం సంపాదించిన ఖాతా నుంచే అది వచ్చింది. లాగిన్ అర సెకను ఎందుకు లేటవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి దొరికింది. కోడ్ అందరికీ కనిపించేదే, అయినా తవ్వే మనిషి ఉండాలిగా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. పాత ఐ3, ఐ5 మిషన్లలో చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ అడుగుతుంది. అందుకని క్రాక్ విండోస్ 10తోనే నెట్టుకొస్తున్న ఆఫీసులు మన దగ్గర ఎన్నో.

ప్రెస్ వాళ్లు ఆ పాత విండోస్‌ని మార్చొద్దు, దాని నెట్ కేబుల్ మాత్రం పీకేయండి. బ్యాంకు, మెయిల్ ఇంకో మిషన్‌లో చూసుకోండి. మూల పడున్న ఐ3లో మింట్ వేస్తే ఆ పనికి చాలు, అప్‌డేట్లు ఏళ్ల తరబడి ఊరికే వస్తాయి. ఫైళ్లు మోసే పెన్‌డ్రైవ్‌ని మాత్రం నమ్మకండి, వైరస్ దాంతోనూ వస్తుంది. సిగ్నేచర్ టోకెన్ వాడే ఆడిటర్లు దాని డ్రైవర్ లినక్స్‌కి ఉందో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే లైసెన్సున్న విండోస్ 11 కొనండి. క్లయింట్ల రహస్యాలు పెట్టుకునే చోట ఆ ఖర్చుకి వెనకాడకూడదు.

ఫార్మాట్ చేసే తమ్ముళ్లూ, కస్టమరు అడక్కపోయినా అప్‌డేట్లు ఆన్ చేసి ఇవ్వండి. క్రాక్ వేయమని పట్టుబడితే, "డిఫెండర్ ఆపాల్సి వస్తుంది, ఇందులో బ్యాంకు లాగిన్ చేయొద్దు" అని ఆయన మొహం మీదే చెప్పండి.